నీతిచంద్రికకు మిగిలిన సగము

1853వ సంవత్సరమున మద్రాసులో పరవస్తు చిన్నయసూరి రచించిన నీతిచంద్రిక అచ్చుపడెను. అది పిల్లల చేతులలో నుంచుటకై వ్రాసిన పుస్తకము. అందులో కాకి యెలుకతో చెలిమి కోరును. వేటగాని చేజిక్కిన తాబేలును విడిపించుటకై జింక చచ్చినట్లు పడియుండును. నక్క రాజనీతి నుపన్యసించును. ముసలిపులి బంగారు కంకణము చేతబట్టి దారిని పోవు బాటసారికి ధర్మబోధ చేయును. తెలుగు బడులలో చదివిన పాతతరమువారిలో ఆ పులి నెఱుగనివారు అరుదు. అయినను ఆ పుస్తకము చదివినవారిలో పెక్కురు గమనింపని విషయమొకటి కలదు. సూరి చేత వెలువడినది సగము గ్రంథమే. మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగములతో ఆయన కలము నిలిచినది. స్నేహము కుదురుటయు, స్నేహము చెడుటయు అందు కలవు. చెడిన పిమ్మట వచ్చు పోరును, పోరు ముగిసిన పిమ్మట కావలసిన పొందును ఇతరులు వ్రాసిరి. కావున నీతిచంద్రికను సంపూర్ణముగా కూర్చుకొనదలచిన గ్రంథప్రియుడు ఒక్క పుస్తకము కొని ఊరకుండుటకు వీలు లేదు. ముగ్గురు నలుగురు గ్రంథకర్తల వాకిళ్ళు తొక్కవలసియుండును.

చిన్నయసూరి చెంగల్పట్టు మండలములోని పెరుంబూదూరున జన్మించెను. భగవద్రామానుజులు అవతరించిన క్షేత్రమే యది. సూరి పుట్టిన యేడు 1806 అని కొందఱు, 1809 అని కొందఱు చెప్పుదురు. తండ్రి వేంకటరంగ రామానుజాచార్యులు, తల్లి శ్రీనివాసాంబ. వారిది చాత్తాద శ్రీవైష్ణవ కుటుంబము. తండ్రి పండితుడే యైనను కుమారుడు పదునాఱేండ్ల ప్రాయము వచ్చు వఱకు చదువుమీద మనసు పెట్టలేదనియు, ఆటపాటలతోనే కాలము గడపెననియు పెద్దలు చెప్పుచు వచ్చిరి. తెలుగునకు వ్యాకరణశాసనము చేసినవాడు ఆలస్యముగా పలక పట్టినవాడని చెప్పినచో వెనుకబల్లపై కూర్చుండు విద్యార్థి తల యెత్తి వినును. ఉపాధ్యాయులు ఈ ముచ్చట నుపయోగించుకొనదగును.

ఆలస్యముగా మొదలిడినను చదువు త్వరగానే పట్టుపడెను. తెలుగు, తమిళము, సంస్కృతము నేర్చి, వ్యాకరణాలంకారములందు కృషి చేసి, సూరి మద్రాసు పచ్చయప్ప పాఠశాలలో తెలుగు పండితుడయ్యెను. పిమ్మట ప్రభుత్వమువారి ఉన్నత పాఠశాలకు వచ్చెను. ఆ పాఠశాలయే 1855లో రాజధాని కళాశాల యైనది. అక్కడ ప్రధానాంధ్ర పండితుడుగా తుదివఱకు పనిచేసెను. ఆనాడు పండిత పదవులు ప్రాయికముగా బ్రాహ్మణ విద్వాంసుల చేతులలో నుండెడివి. అట్టి కాలమున చాత్తాద కుటుంబమునుండి వచ్చిన యొకడు ఆ పీఠమెక్కుట చిన్న విషయము కాదు. ఆయన జన్మనామము చిన్నయ. సూరి యనునది పాండిత్యమునకు దక్కిన బిరుదము. ఆ బిరుదమును ఇప్పించి సత్కరించినవాడు అర్బత్నాటు దొర యని చెప్పుదురు. ఆ దొరయే 1855లో మద్రాసు రాజధానికి మొదటి విద్యాశాఖాధిపతి యయ్యెను. కాలక్రమమున బిరుదము పేరుతో కలిసిపోయి, సూరి యన్నంతనే చిన్నయ యని తెలుగువారు తెలిసికొను స్థితి యేర్పడెను.

బడిపిల్లలకు తెలుగు వచన మెందుండి తేవలెను? ఆ శతాబ్ది మధ్యభాగమున పండితుల నెదుర్కొనిన ప్రశ్న యిది. పద్యము కొల్లలుగా నుండెను. పురాణములు, ప్రబంధములు, శతకములు నుండెను. వచనము మాత్రము అచ్చుయంత్రముతో పాటు కొత్తగా తలయెత్తుచుండెను. 1812లో వెలసిన సెంటు జార్జికోట కళాశాలలో కుంపిణీ దొరలు తెలుగు నేర్చుకొనుటకై కథల పుస్తకములు పుట్టినవి. రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలను, పంచతంత్రమును వచనమున వ్రాసినది ఆ వాతావరణముననే. ఆ వచనము కథ చెప్పును, కాని భాషకు ఒజ్జబంతిగా నిలువదని సూరి తలచియుండునని ఆయన కృషిని చూచిన తోచును. ఆయనకు కావలసినది కథ మాత్రము కాదు. నన్నయ తిక్కనల పద్యభాషలోని నియమము వచనమున ప్రవేశింపవలెను, దానిని చదివిన బాలుడు కథ యను తీపితో పాటు వ్యాకరణ మను మందును తెలియకయే మ్రింగవలెను.

ఇందులకు ఆయన యెంచుకొనిన కథ ప్రపంచమంత తిరిగిన కథ. పంచతంత్రము ఆఱవ శతాబ్దిలో బుర్జోయ అను వైద్యుని చేత పారసీక దేశమునకు, ఎనిమిదవ శతాబ్దిలో ఇబ్నుల్ ముకఫా చేత అరబ్బీ భాషకు పోయెను. కరటక దమనకుల పేర్లు అక్కడ కలీలా, దిమ్నా అయినవి. ఫ్రెంచి కవి లా ఫొంతేను 1678లో వెలువరించిన కథల సంపుటమున కొన్నింటికి తాను హిందూదేశపు ఋషికి ఋణపడితినని చెప్పుకొనెను. ఇంత దూరము పోనక్కఱ లేదు. కన్నడము ప్రక్కవీథిలోనే వినబడు గుడిబండ, మడకశిర, హిందూపురము ప్రాంతముల విద్యార్థులకు, దుర్గసింహుడు 1031 ప్రాంతమున కన్నడమున చంపువుగా పంచతంత్రమును వెలయించెనని తెలిసిన సంతోషము కలుగును. అది విష్ణుశర్మ పాఠమును గాక వసుభాగుని పాఠమును అనుసరించినది. తెలుగున పదునైదవ శతాబ్ది వాడగు దూబగుంట నారాయణకవి దానిని పద్యకావ్యముగా చేసెను. పదునాఱవ శతాబ్దిలో బైచరాజు వేంకటనాథకవి మఱల చేసెను. ఒకే కథకు రెండు భాషలలో ఇన్ని రూపములు గల సరిహద్దుసీమలో పెరిగిన విద్యార్థికి, ఈ పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుటకంటె మంచి భాషాపాఠ మింకొకటి లేదు.

సూరి ఈ సంప్రదాయమునంతయు ముందుంచుకొని, పంచతంత్రముతో పాటు నారాయణపండితుని హితోపదేశమును గూడ గ్రహించెను. హితోపదేశమును విల్కిన్సు 1787లో ఆంగ్లమున వెలువరించియుండెను. 1804లో శ్రీరామపురమున దాని సంస్కృతమూలము అచ్చయ్యెను. పంచతంత్రమున మిత్రభేదము మొదట వచ్చును. హితోపదేశమున మిత్రలాభము మొదట వచ్చును. సూరి రెండవ క్రమమును గైకొనెను. బాలురకు మొదట స్నేహమును చూపి, పిదప దానికి పట్టు చీడను చూపుట ఉచితమని తలచుట ఉపాధ్యాయుని బుద్ధి. గోదావరీతీరపు బూరుగుచెట్టు, చెట్టుమీది కాకి లఘుపతనకము, వలతో సహా ఎగిరిపోవు పావురములు, ఆ వల కొఱుకు హిరణ్యకుడు: ఈ వరుసలో కథ నడచును. తరువాతి భాగమున పింగళకుడను సింహమునకును సంజీవకమను ఎద్దునకును కలిగిన చెలిమిని దమనకుడు ఎట్లు పాడుచేసెనో వచ్చును. మొదటి భాగమున కలిసినవారు విడిపోరు. రెండవ భాగమున కలిసినవారు కలిసియుండలేరు. రెండు భాగములును ఒకదాని కొకటి అద్దము పట్టినట్లుండును. అందువలననే పాఠకులు అక్కడికి పుస్తకము ముగిసినదని భ్రమపడిరి.

సూరి వచనమును కఠినమని తీసివేయువారు దానిని బిగ్గఱగా చదివినవారు కారు. ఆయన వాక్యము పెద్దదే, కాని తడబడదు. ఒక పెద్ద సంస్కృత సమాసము వచ్చిన వెంటనే రెండు మూడు అచ్చ తెలుగు మాటలు వచ్చి దానిని నేలకు దించును. జంతువుల సంభాషణ వచ్చినపుడు వాక్యములు పొట్టివగును. రాజనీతి వచ్చినపుడు బారులు తీరును. నక్క మాటలలోని మెత్తదనము, ఎద్దు మాటలలోని అమాయకత్వము కేవలము అర్థముచేత కాక వాక్యపు తీరుచేతనే తెలియును. తరగతిలో ఉపాధ్యాయుడు ఒక పుట చదివి విద్యార్థులను కన్నులు మూసికొని వినుమన్న, ఎవరు మాటాడుచున్నారో వారే చెప్పగలరు. ఇది వ్యాకరణము చేత వచ్చు గుణము కాదు. చెవి గలవాని గుణము.

ముద్రణ విషయమునను సూరి పట్టుదల కలవాడు. అరసున్నను, బండిఱాను విడువరాదని ఆయన నియమము. సమకాలికుడైన బ్రౌను దొర వీనిని అనవసరపు బరువులని తలచెను. 1852లో నిఘంటువు నచ్చొత్తించిన బ్రౌను మార్గము వేరు, సూరి మార్గము వేరు. బడులలో ఆ శతాబ్దికి సూరి మార్గమే నిలిచెను. నీతిచంద్రిక ముద్రణములు కూర్చువారికి ఇది మంచి గుర్తు. పాత ప్రతులలో పుటపుటను అరసున్నలు మినుకుమినుకు మనుచుండును. నేటి పెక్కు ముద్రణములలో అవి యెగిరిపోయినవి. అచ్చు సులభమైనది, నిజమే. కాని సూరి ఏ యక్షరము నెందుకు వ్రాసెనో తెలిసికొనగోరు విద్యార్థికి పాత ప్రతి యొకటి గ్రంథాలయమున నుండి తీరవలెను. చిరిగినదని దానిని అమ్మివేసి కొత్తది కొని లెక్క సరిపెట్టుట గ్రంథాలయమునకు లాభము కాదు.

నీతిచంద్రిక వెలువడిన పిదప సూరి తొమ్మిదేండ్లే జీవించెను. ఆ కాలమున ఆయన మనసంతయు వ్యాకరణముమీద నుండెను. వ్యాకరణమును పద్యములలో చెప్పి చూచెను, సూత్రములలో చెప్పి చూచెను, కూర్చినదానిని మఱల విప్పి కూర్చెను. తుదకు 1858లో బాలవ్యాకరణము వెలువడెను. సంజ్ఞ మొదలు ప్రకీర్ణకము వఱకు పది పరిచ్ఛేదములు. బాలుర కని పేరు, పండితులకు పరీక్ష. పాణిని పద్ధతిని తెలుగుమాటలలో సూత్రించిన ఆ పొదుపు నేటికిని ఆశ్చర్యము గొల్పును. దీనితో పాటు నిఘంటువునకై పదములను సేకరించుటయు సాగుచుండెను. 1862లో, అఱువదియేండ్లు నిండకయే, సూరి పరమపదించెను. నిఘంటువు ముగియలేదు. నీతిచంద్రికకు విగ్రహమును లేదు, సంధియు లేదు.

హితోపదేశమున ఈ రెండు భాగములును హంసలకు నెమళ్ళకు నడుమ జరిగిన కథ. కర్పూరద్వీపమును ఏలు హంసరాజు హిరణ్యగర్భుడు, నెమళ్ళరాజు చిత్రవర్ణుడు. వారి నడుమ దూతలు, వేగులవారు, కోటలు, నమ్మకద్రోహము వచ్చును. శరణుజొచ్చినట్లు నటించి లోపలనుండి కోట తగులబెట్టు కాకి వచ్చును. గెలిచినవాడు ఎంతవఱకు గర్వింపవచ్చును, ఓడినవాడు ఎప్పుడు తల వంచవలెను, మంత్రి రాజునకు చేదుమాట చెప్పుట యెట్లు, ఇవన్నియు అందు కలవు. స్నేహము గూర్చి చదివిన పిల్లవానికి కయ్యము గూర్చియు, కయ్యము ముగించు తెలివి గూర్చియు చదువు నేర్పకుండుట సగము చదువే. సూరి తరువాతి తరమువారికి ఈ లోటు కంటబడెను.

పూరించుటకు పూనుకొనినవారిలో ఇద్దఱు ముఖ్యులు. కొక్కొండ వేంకటరత్నము పంతులు విగ్రహతంత్రమును రచించెను. కందుకూరి వీరేశలింగము పంతులు విగ్రహమును, సంధిని రచించెను. ఇద్దఱును సూరి బాటలోనే నడువ సంకల్పించిరి. ఇద్దఱి స్వభావములు మాత్రము ఉప్పు నిప్పు. కొక్కొండ 1871లో ఆంధ్రభాషాసంజీవనిని స్థాపించి గ్రాంథిక భాషకు కోట కట్టెను. వీరేశలింగము 1874లో వివేకవర్ధనిని స్థాపించి సంఘదురాచారములమీదికి దండు వెడలెను. ఒకరి పత్రికకు హాస్యవర్ధని అనుబంధమైన, రెండవవారి పత్రికకు హాస్యసంజీవని అనుబంధమయ్యెను. పత్రికలలో వ్యాకరణదోషములు మొదలు వితంతువివాహము వఱకు ఇద్దఱును పోరాడిరి. విగ్రహము వ్రాసినవారు విగ్రహమునకే దిగిరని ఆనాటి చమత్కారులు నవ్వుకొనియుందురు. సూరి కూర్చుండిన రాజధాని కళాశాలలోనే తరువాత కొక్కొండయు, ఆయన పిమ్మట వీరేశలింగమును తెలుగు పండితులుగా పనిచేసిరి. పుస్తకమును పూర్తిచేసినవారికే పీఠమును దక్కుట ఒక వింత.

ఈ మూడు గ్రంథములను వరుసగా చదివినచో తెలియు విషయము పాఠ్యగ్రంథ పీఠికలలో దొరకదు. అనుకరణ మెంత దూరము పోగలదు? వీరేశలింగము యౌవనమున సూరి శైలిని పట్టుటకు శ్రమించెను, చాలవఱకు పట్టెను. కాని పట్టిన పిమ్మట దానిలో నిలువలేదు. 1878లో రాజశేఖర చరిత్రమునకు వచ్చునప్పటికే ఆయన వచనము తేలికపడినది. స్విఫ్టు వ్రాసిన గల్లివరు యాత్రల త్రోవలో సత్యరాజా పూర్వదేశ యాత్రలు వ్రాసినప్పుడును, ఈసపు కథలను నీతికథామంజరిగా తెలిగించినప్పుడును ఆయన చూపు పాఠకుని ముఖముమీదనే యుండెను. తుదకు 1919లో, మరణించిన యేటనే, రాజమహేంద్రవరమున వ్యావహారికభాషా ప్రవర్తక సమాజమునకు ఆయన అధ్యక్షుడయ్యెను. నీతిచంద్రికకు ఉత్తరభాగము వ్రాసిన చేయియే ఆ భాషకు వీడ్కోలు పలికినదన్నమాట. దీనిని మాటతప్పుట యని కొందఱు నిందించిరి. సూరి నీడలో నిలిచి వ్రాసినవానికే ఆ నీడ యెంత చల్లనిదో, ఎంత చీకటిదో తెలియునని చెప్పుట న్యాయముగా నుండును.

సూరి మరణించిన 1862లోనే గురజాడ అప్పారావు పుట్టెను. మఱుసటియేట గిడుగు రామమూర్తి పుట్టెను. వారిద్దఱును సూరి స్థాపించిన వచనభాషమీద తిరుగుబాటు జేసిరి. విద్యార్థులు తమకు రాని భాషలో తమ తలపులు చెప్పలేక కుములుచున్నారని గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు అసమ్మతి పత్రము సమర్పించెను. అందు సత్యము కలదు. నీతిచంద్రికను చదివి ఆనందించుట వేఱు. ప్రతి బాలుడును నీతిచంద్రికవలెనే వ్రాయవలెనని బెత్తము పట్టుకొనుట వేఱు. ఆ బెత్తము సూరిది కాదు. పరీక్షాధికారులది, సూరి చెవి లేక సూరి సూత్రములను మాత్రము పట్టుకొనిన అనుకర్తలది. కథలు చెప్పుటకై వ్రాసిన పుస్తకమును శాసనగ్రంథముగా మార్చుటచే, పిల్లలు పులిని మఱచి అరసున్నలను లెక్కించు గతి పట్టెను.

సూరి విడిచిన తక్కిన పనులకును అనుబంధములు పుట్టినవి. బహుజనపల్లి సీతారామాచార్యులు బాలవ్యాకరణమున చెప్పక విడిచినవానిని చేర్చి ప్రౌఢవ్యాకరణమును కూర్చెను. 1885లో శబ్దరత్నాకరమను నిఘంటువును వెలువరించెను. కల్లూరి వేంకటరామశాస్త్రి గుప్తార్థప్రకాశికయు, దువ్వూరి వేంకటరమణశాస్త్రి రమణీయమును బాలవ్యాకరణమునకు విడదీయరాని తోడుగ్రంథములైనవి. రమణీయము చదువుచుండగా వ్యాకరణము కథవలె సాగును. సూరి కథలో వ్యాకరణము దాచెను, దువ్వూరివారు వ్యాకరణములో కథను వెలికి తీసిరి. భాషాపండిత పరీక్షలకు చదివినవారికి ఈ సంపుటములు కొత్త కావు. వానిని నీతిచంద్రిక ప్రక్కన పెట్టినవారు మాత్రము కొలదిమంది.

వ్యాకరణపు తోడుగ్రంథములు ఇట్లు నిలిచియుండగా కథకు వ్రాసిన ఉత్తరభాగములు మఱుగున పడినవి. మిత్రలాభము పాఠ్యగ్రంథముగా నెన్నో మార్లు అచ్చయ్యెను. దానికి టీకలు, ప్రశ్నోత్తరములు, సంగ్రహములు పుట్టగొడుగులవలె మొలిచినవి. మిత్రభేదము కొంత తక్కువగా దొరకును. కొక్కొండవారి విగ్రహతంత్రము, వీరేశలింగముగారి విగ్రహసంధులు పాత గ్రంథాలయముల అడుగు అఱలలోను, వీరేశలింగముగారి సంపుటములలోను వెదకిన కాని దొరకవు. పరీక్షకు రానిది బజారున నిలువదు. హంసలకు నెమళ్ళకు సంధి కుదిరిన సంగతి అందుచేతనే చాలమంది తెలుగు పిల్లలకు చేరకపోయెను.

ఈ నాలుగు భాగములును సంపాదించినవానికి ఇంకొక వెలితి మిగులును. మొసలి వీపుమీద నది దాటుచు, తన గుండెకాయను చెట్టుమీద మఱచివచ్చితినని చెప్పి బ్రదికిపోయిన కోతి కథ హితోపదేశమున లేదు. అది పంచతంత్రములోని నాల్గవదైన లబ్ధనాశమునకు చెందినది. దానికొఱకు మఱల వెనుకకు మరలి, గురుమూర్తిశాస్త్రి వచనమునో దూబగుంట నారాయణకవి పద్యములనో తెఱవవలెను. గుడిబండవైపు వారైనచో దుర్గసింహుని కన్నడ గ్రంథమును గూడ ఆ వరుసలోనే చేర్చుకొనవచ్చును.